హార్మోనియం తిత్తితో కార్డుల పెట్టె: ఇంట్లో నేను కట్టిన పద్ధతి

హార్మోనియం రీడ్లకి, అంటే గాలికి అదిరి స్వరం పలికే ఇత్తడి రేకులకి, మా ఊరి గాలి పడదు. మాది విశాఖలో కంచరపాలెం. మేడ ఎక్కినా సముద్రం కనబడదు గానీ, దాని ఉప్పు మాత్రం రోజూ కిటికీలోంచి వచ్చి ఇంట్లో కూర్చుంటుంది. నాన్న ముప్పై ఏళ్లు పద్య నాటకాలకి వాయించిన పెట్టెలో ఇత్తడి రీడ్లు పచ్చబడ్డాయి, స్ప్రింగులు తుప్పు పట్టాయి. మధ్య స్థాయి గాంధారం నొక్కితే రాత్రంతా పద్యాలు పాడిన నటుడు తెల్లారి దగ్గినట్టు ఉంటుంది. నాన్న వేళ్లు కూడా అలాగే బిగుసుకున్నాయి. మూడు మెట్లు ఒకేసారి నొక్కాలంటే ఆయనకి ఇప్పుడు కష్టం. ఒక్క వేలు మాత్రం బాగానే పనిచేస్తుంది.

అందుకని ఒక్క మీట నొక్కితే మూడు నాలుగు స్వరాలు కలిసి మోగే పెట్టె కట్టాను. అలా కలిసి మోగే స్వరాల గుంపునే కార్డు (chord) అంటారు. ఇందులో సొంత శబ్దం ఏమీ ఉండదు. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత గట్టిగా అన్న కబురు మాత్రం యూఎస్‌బీ తీగలో ఫోనుకో ల్యాప్‌టాప్‌కో పంపుతుంది, శబ్దం అక్కడి సింథ్ (స్వరాలు పుట్టించే యాప్) చేస్తుంది. ఆ కబుర్ల భాష పేరు మిడి. 1983 నుంచి కీబోర్డులన్నీ మాట్లాడుకుంటున్నది దాంతోనే. మీటతో కార్డు పలికించడం కూడా కొత్తేమీ కాదు, సుజుకి వాళ్ల ఆమ్నికార్డ్ 1981లోనే ఆ పని చేసింది.

మొదట మీటలు మాత్రమే పెట్టి నాన్న ముందుంచాను. నాలుగు నొక్కి చూసి, "కాలింగ్ బెల్లు బాగానే మోగుతందిరా" అన్నాడు. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. నిజానికి అందులో పెరగడం, తగ్గడం, ఊపిరి అందక ఆగడం ఏవీ లేవు. నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్ని, ప్లాంటులో రోజంతా ప్రెషర్ ట్రాన్స్‌మిటర్లు క్యాలిబ్రేట్ చేసేవాణ్ణి. అయినా హార్మోనియం అంటే ప్రెషర్ అన్న సంగతి అప్పటిదాకా తట్టలేదు. కుడి చేతికి మీటలుంటే సరిపోదు, ఎడమ చేతికి తిత్తి కావాలి. ఈ పెట్టెలో అసలు పని అదే కాబట్టి ఎక్కువ మాటలు దాని మీదే ఖర్చు పెడతాను.

కావలసిన సామాను

బుర్ర రాస్‌ప్‌బెర్రీ పై పికో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు. నాకు నాలుగు వందల చిల్లర పడింది. అలాంటిదే ఇంకో బోర్డు, ఆర్డ్యునో ఊనో ఆర్3, ఇంట్లో ఉందని దాంతో మొదలెట్టకండి. అది యూఎస్‌బీలో తనంతట తాను మిడి పరికరంగా కనబడదు, తిప్పలు పడాలి. పికోకి ఆ గొడవ లేదు. దానికి అనలాగ్ కాళ్లు (హెచ్చుతగ్గుల వోల్టేజీని కొలిచేవి) మూడే, మనకి కావలసినవీ మూడే: కార్డుని మార్చే జాయ్‌స్టిక్‌కి రెండు, శ్రుతి నాబ్‌కి ఒకటి.

గాలి కొలవడానికి బీఎంపీ280 అనే బుల్లి ప్రెషర్ సెన్సార్ బోర్డులు రెండు. ఒక్కటి కాదు, రెండు. ఎందుకో కిందొస్తుంది. ఒక్కోటి వంద రూపాయల చుట్టుపక్కల పడింది. జాయ్‌స్టిక్ మాడ్యూల్ ఒకటి, శ్రుతి నాబ్‌కి 10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్ ఒకటి, మీటలు ఏడు. మీటలకి నేను మెకానికల్ కీబోర్డు స్విచ్‌లు వాడాను. అందులో టిక్కుమని చప్పుడు చేసే రకం తీసుకోకండి, భజనలో పాట కంటే టిక్కులే ముందు వినిపిస్తాయి. జీరో పీసీబీ (సోల్డర్ చేసుకునే కన్నాల బోర్డు) ముక్క, సన్న తీగలు, సోల్డరు డాబాగార్డెన్స్‌లో కొన్నాను. రెక్సిన్ పూర్ణా మార్కెట్లో. కలప తప్ప అంతా కలిపి 1500 దాటలేదు. కలప మా వీధి వడ్రంగి దగ్గర మిగిలిన ప్లైవుడ్డు.

తిత్తి

నాన్న పెట్టె విప్పి దాని తిత్తే వాడదామనుకున్నాను. ఆయన పెట్టె మీద చెయ్యేసి కూర్చున్నాడు, ఒక్క మాట అనలేదు. సరే, కొత్తది కట్టాను.

6 మి.మీ. ప్లైవుడ్ పలకలు రెండు, ఒక్కోటి 30 సెం.మీ. వెడల్పు, 18 సెం.మీ. ఎత్తు. ఒకటి పెట్టెకి వెనక గోడ. రెండోది దాని వెనకాల, అడుగున బందులతో తగిలించి, పైన 9 సెం.మీ. దాకా తెరుచుకునేలా. అంటే పుస్తకం తెరిచినట్టు. పక్కలా పైనా రెక్సిన్. రెక్సిన్ ఊరికే అంటిస్తే గాలికి బుగ్గలా ఉబ్బుతుంది, మీరు తోసిన గాలి ఆ ఉబ్బులోనే పోతుంది. అందుకని మడతల మధ్య అట్టముక్కలు అంటించాలి. ముందు న్యూస్‌పేపరుతో మడతలు కత్తిరించి, తెరిచీ మూసీ చూసుకుని, ఆ తరవాతే రెక్సిన్ మీద కత్తెర పెట్టండి. జిగురు ఫెవికాల్ ఎస్సార్. రెండువైపులా రాసి, పది నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు అదమాలి. తడి మీద అంటిస్తే మర్నాటికి ఊడి వస్తుంది.

కదిలే పలకకి 25 మి.మీ. కన్నం ఒకటి, దాని లోపలి వైపు పాత పర్సులోంచి కోసిన తోలు ముక్క, ఒక్క అంచున మాత్రమే అంటించి. తిత్తి తెరిస్తే తోలు లేచి గాలి లోపలికొస్తుంది, మూస్తే తోలు కన్నాన్ని కప్పేస్తుంది. పెట్టె వెనక గోడకి ఇలాంటిదే ఇంకో కన్నం, తోలు పెట్టె లోపలి వైపు. తిత్తిలోంచి పెట్టెలోకి వెళ్లిన గాలి వెనక్కి రాకుండా అది కాపలా. తోలు గట్టిగా ఉంటే ఒక రాత్రి కొబ్బరినూనె రాసి ఉంచండి.

గాలి ఎక్కడ కారుతోందో చూడటానికి అగరబత్తి వెలిగించి అతుకుల వెంట నెమ్మదిగా తిప్పుతూ తిత్తి నొక్కండి. పొగ చెదిరిన చోట కన్నం ఉన్నట్టు. నేను అలా ప్రతి సందూ వెతికి, ఎమ్‌సీల్ పెట్టి, బిందువంత గాలి కూడా పోకుండా మూసేశాను. చాలా గర్వపడ్డాను కూడా. తరవాత నొక్కితే తిత్తి కదల్లేదు. బలంగా తోస్తే ఓ అంగుళం కదిలి, గోడని తోస్తున్నట్టు ఆగిపోయింది.

రెండు రోజులు తోలు రెక్కలు తిరగేసి మరగేసి చూశాను. మూడో రోజు నాన్న టీ తాగుతూ వచ్చి, "రీడు లేని పెట్టెలో గాలి ఎటెల్తాదిరా?" అన్నాడు.

అంతే సంగతి. హార్మోనియంలో గాలి రీడ్ల గుండా బయటికి పోతూనే ఉంటుంది, అందుకే తిత్తి ఆడుతుంది. నా పెట్టెలో రీడ్లు లేవు, పోయే దారీ లేదు. రీడ్ల బదులు కన్నాలు పెట్టాలి. పెట్టె పక్క పలకకి 3 మి.మీ. డ్రిల్లుతో ఒక్కో కన్నం వేస్తూ, వేసిన ప్రతిసారీ నొక్కి చూడండి. ఒక కన్నానికి తిత్తి బండలా ఉంటుంది. పదింటికి చేతికి ఏమీ తగలదు, గాలిలో చెయ్యి ఊపినట్టే. నాకు ఐదు దగ్గర కుదిరింది. ఒక నిండు ఊపు మూడు సెకన్లకి పైగా వస్తుంది, అరచేతికి బరువు తెలుస్తుంది. ఎక్కువ వేసేస్తే కంగారేం లేదు, పైన టేపు ముక్క అంటించడమే. మెత్తగా కావాలన్నవాళ్లు ఒకటి తెరుచుకోవచ్చు.

ఎంత ప్రెషర్ వస్తోందో తెలియకుండా కోడ్ రాయకండి. తాపీ మేస్త్రీలు వాడే పారదర్శకమైన లెవెల్ ట్యూబు ఒక మీటరు తెచ్చి, స్కేలు మీద యూ ఆకారంలో కట్టి, సగం నీళ్లు పోయండి. ఒక కొసని పెట్టె కన్నం మీద గాలి పోకుండా అదిమిపెట్టి తిత్తి నొక్కితే రెండు వైపులా నీటి మట్టాల్లో తేడా వస్తుంది. ఒక సెం.మీ. తేడా అంటే దాదాపు 98 పాస్కల్స్. నా చేతికి మామూలుగా 4, గట్టిగా నొక్కితే 6 వచ్చింది, అంటే 590 దగ్గర. నాన్న చేతికి కీళ్ల నొప్పులున్నా 7 వచ్చింది. ఆయన ఎడమ చెయ్యి ఇంకా ముసలిది కాలేదన్నమాట.

రెండు సెన్సార్లు ఎందుకంటే

మొదట ఒక్కటే పెట్టాను, పెట్టె లోపల. ఆన్ చేసిన వెంటనే ఉన్న ప్రెషర్‌ని సున్నాగా గుర్తుపెట్టుకుని, దాని పైన ఎంత పెరిగితే అంత శబ్దం. ఉదయం పదింటికి చక్కగా పలికింది. అదే రోజు సాయంత్రం నాలుగింటికి ఎంత నొక్కినా పీలగా ఉంది. రెక్సిన్ ఎక్కడో ఊడిందనుకుని మళ్లీ అగరబత్తి వెలిగించాను. ఏమీ లేదు.

తప్పు తిత్తిది కాదు, ఆకాశానిది. బీఎంపీ280 కొలిచేది మొత్తం వాతావరణ పీడనాన్ని, వెయ్యి హెక్టాపాస్కల్స్ చిల్లరని. మనలాంటి ఉష్ణమండలంలో అది రోజూ రెండుసార్లు ఎక్కి దిగుతుంది. ఉదయం పది దగ్గర ఎక్కువ, సాయంత్రం నాలుగు దగ్గర తక్కువ, తేడా మూడు హెక్టాపాస్కల్స్ చుట్టూ. మూడు హెక్టాపాస్కల్స్ అంటే 300 పాస్కల్స్. మన తిత్తి మొత్తం బలమే 600 కదా, అందులో సగం ఎండతో పాటే దిగిపోయింది. ఇక బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందంటే చెప్పక్కర్లేదు. వర్షం రాత్రి ఆన్ చేసి పడుకుంటే, తెల్లారి అల్పపీడనం దాటిపోయి గాలి బరువు పెరిగేసరికి ఎవరూ ముట్టుకోని తిత్తి ఒత్తిడి చూపిస్తుంది. ఆ పూట ఒక మీట కింద రబ్బరు ఇరుక్కుని ఉంది. నాలుగున్నరకి మా హాల్లో పంచమం కార్డు దానంతటది మెల్లగా లేచింది. అమ్మ దేవుడి గదిలో దీపం పెట్టి వచ్చింది.

కాబట్టి రెండో సెన్సార్ పెట్టె బయట ఉండాలి. లోపలి విలువలోంచి బయటి విలువ తీసేస్తే మిగిలేది మన చేతి బలం ఒక్కటే. రెండు చిప్పులూ ఒకే చోట ఉన్నా ఒకే అంకె చూపించవు, ఒకటి రెండు హెక్టాపాస్కల్స్ దాకా తేడా ఉండొచ్చు. అందుకని ఆన్ అయిన వెంటనే తిత్తి ముట్టుకోకుండా వంద రీడింగులు తీసి, వాటి సగటు తేడాని సున్నా అనుకోమనాలి. బయటి దాన్ని ఫ్యాను గాలికి ఎదురుగా వదలకండి. కన్నాలు పొడిచిన చిన్న మందుల డబ్బాలో పెడితే చాలు.

తీగలు

రెండు సెన్సార్లూ ఒకే రెండు కబుర్ల తీగల (ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్) మీద పనిచేస్తాయి, అడ్రసులు వేరైతే చాలు. బోర్డు మీద ఎస్‌డీఓ అనే కాలుని గ్రౌండుకి కలిపితే 0x76, 3.3 వోల్టులకి కలిపితే 0x77 (ఇవి హెక్స్ అంకెలు). పికోలో జీపీ4కి ఎస్‌డీఏ, జీపీ5కి ఎస్‌సీఎల్. మీటలు జీపీ6 నుంచి జీపీ12 దాకా, ఒక కాలు పికోకి, రెండోది గ్రౌండుకి. లోపలి పుల్‌అప్ కోడ్‌లో ఆన్ చేస్తే విడిగా రెసిస్టర్లు అక్కర్లేదు. జాయ్‌స్టిక్ అడ్డం జీపీ26, నిలువు జీపీ27, దాని నొక్కు జీపీ13. శ్రుతి నాబ్ జీపీ28.

జాయ్‌స్టిక్ మాడ్యూల్ మీద 5 వోల్టులు అని రాసి ఉంటుంది. దాన్ని నమ్మకండి. పికో కాళ్లు 3.3కి మించి ఓర్చుకోవు. 36వ కాలు నుంచి వచ్చే 3.3 వోల్టులే దానికీ ఇవ్వండి. అందులో ఉన్నవి వట్టి పొటెన్షియోమీటర్లే, ఎంత ఇచ్చినా పనిచేస్తాయి.

జంపర్ తీగలతో ప్రయత్నించడం వరకే, శాశ్వతంగా మాత్రం వద్దు. మా ఊళ్లో రెండు వానాకాలాలు గడిస్తే ఆ పిన్నులు నల్లబడి ఉన్నట్టుండి కాంటాక్టు పోతుంది. అన్నీ సోల్డర్ చేయండి. ఫ్లక్సు మరకల్ని స్పిరిటుతో తుడిచి, అతుకుల మీద రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు వేయండి. సెన్సార్ చిప్పు మీద మెరిసే రేకు మూతకి సూది మొనంత కన్నం ఉంటుంది, పాలిష్ చుక్క అందులో పడిందా ఆ సెన్సార్ పని అయిపోయినట్టే. నాకొకటి అలాగే పోయింది.

కోడ్‌లో ఏముండాలి

పికో మీద బూట్‌సెల్ మీట నొక్కిపట్టి ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే అది పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. సర్క్యూట్‌పైథాన్ (పికో మీద పైథాన్ కోడ్ నడిపేది) ఫైలు అందులోకి లాగి వదలండి. తరవాత అడాఫ్రూట్ వాళ్ల మిడి లైబ్రరీ, బీఎంపీ280 లైబ్రరీ కాపీ చేసుకోండి. ఈ వరస నెట్‌లో ఎక్కడైనా దొరుకుతుంది. నేను చెప్పేది దొరకని సంగతులు.

మీటలకి పేర్లు స, రి, గ, మ, ప, ద, ని అనే పెట్టాను. శంకరాభరణం తీసుకుని, ప్రతి స్వరం మీద ఒకటి వదిలి ఒకటి పేర్చితే కార్డులు వాటంతటవే వస్తాయి. స మీద స-గ-ప, అది మేజర్. రి మీద రి-మ-ద, మైనర్, అంటే మధ్య స్వరం మేజర్‌లో కంటే అర స్వరం తక్కువ. గ, ద కూడా మైనర్లే. మ, ప మేజర్లు. ని మీద వచ్చే ని-రి-మ కాస్త బిక్కమొహం వేసుకుని ఉంటుంది, దాన్ని డిమినిష్డ్ అంటారు. షడ్జమం నుంచి అర స్వరాల (పక్కపక్క మెట్ల మధ్య దూరం ఒక అర స్వరం) దూరాలు 0, 2, 4, 5, 7, 9, 11. ఈ ఏడు అంకెలుంటే చాలు, మొత్తం కోడ్ లెక్కేసుకుంటుంది. ఒకటో శ్రుతికి మధ్య షడ్జమం మిడిలో 60.

శ్రుతి నాబ్‌ని పన్నెండు భాగాలు చేశాను: ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, అలా. "నాలుగున్నర ఇయ్యరా" అంటే నాబ్ చుట్టూ రాసుకున్న గీతకి తిప్పడమే. రెండు గీతల మధ్య నాబ్ ఆగితే విలువ అటూ ఇటూ ఊగి పాట మధ్యలో శ్రుతి మారిపోతుంది. అందుకే ఏ మీటా నొక్కి లేనప్పుడే నాబ్‌ని చదవమని రాయండి.

ఇప్పుడు కొత్తవాళ్లందరూ చేసే తప్పు. స కార్డు 60, 64, 67. మ కార్డు ఉన్నదున్నట్టు 65, 69, 72. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్తే మూడు స్వరాలూ కలిసి మెట్ల మీద గెంతినట్టు ఉంటుంది. చేయి తిరిగిన వాద్యకారుడు అలా గెంతడు. 60ని అలాగే పట్టుకుని, 64ని 65కి, 67ని 69కి జరుపుతాడు. అవే స్వరాలు, వరస మాత్రం వేరు. ప కార్డుకి వెళ్లాలంటే 67ని ఉంచి మిగతా రెండూ 59కి, 62కి దిగుతాయి. దీన్ని కోడ్‌కి నేర్పడం తేలికే. కొత్త కార్డుని సాధ్యమైన వరసలన్నిట్లో, పై స్థాయిలో, కింది స్థాయిలో పేర్చి చూడమనండి. ఒక్కో పేర్పుకీ పాత స్వరాల నుంచి మొత్తం ఎంత దూరం జరగాల్సి వస్తుందో కూడమనండి. తక్కువ వచ్చినదాన్ని తీసుకోవాలి. కింద 53, పైన 76 అని హద్దు పెట్టకపోతే పది కార్డులు తిరిగేసరికి పాట మెల్లగా నేలమాళిగలోకి జారిపోతుంది.

రెండు కార్డులకీ ఉమ్మడిగా ఉన్న స్వరాన్ని ఆపి మళ్లీ మొదలెట్టకండి, ప్రతి మార్పుకీ ఎక్కిళ్లు వస్తాయి. కొత్తవి ముందు మొదలెట్టి, అక్కర్లేనివి ఆ తరవాత ఆపండి. ఈ చిన్న మార్పు చేశాకే నాన్న మొదటిసారి పెట్టెని తన వైపు లాక్కున్నాడు.

గాలి విలువ సంగతి. బీఎంపీ280 లైబ్రరీ మామూలుగా ప్రతి రీడింగుకీ 16 సార్లు కొలిచి సగటు తీస్తుంది. అలా అయితే సెకనుకి 25 రీడింగులు కూడా కష్టం, తిత్తి కుదుపు తెలియదు. దాన్ని 4కి తగ్గించి, నార్మల్ మోడ్‌లో పెడితే 80 దాకా వస్తాయి. ఒకటి రెండు పాస్కల్స్ ఊగినా నష్టం లేదు, మనకి 600 ఉన్నాయి. 15 కన్నా తక్కువైతే సున్నా అనుకోండి.

అసలు హార్మోనియంలో బయటి తిత్తితో పాటు పెట్టె లోపల ఇంకో తిత్తి ఉంటుంది. బయటి ఊపుకీ ఊపుకీ మధ్య అది గాలి అందిస్తూ ఉంటుంది, అందుకే స్వరం తెగదు. నా పెట్టెలో అది లేదు. ఆ పని కోడ్‌తో చేయించాను: విలువ పెరుగుతుంటే కొత్త రీడింగుకీ పాతదానికీ ఉన్న తేడాలో 0.4 వంతు ఒకేసారి కలపడం, తగ్గుతుంటే 0.03 వంతు మాత్రమే తగ్గించడం. అంటే చేతి కుదుపుకి వెంటనే లేస్తుంది, వదిలితే అర సెకను పాటు వాలుతుంది. 0.03ని 0.01 చేస్తే గుళ్లో గంట వాలినట్టు, 0.1 చేస్తే ఆయాసం వచ్చినట్టు. మీ చెవికి నచ్చిన చోట ఆపుకోండి.

ఆ విలువని ఎక్స్‌ప్రెషన్ అనే కంట్రోలు, నంబరు 11, మీద 0 నుంచి 127 దాకా పంపాలి. తిన్నగా భాగించి పంపితే సగం గాలికి సగం శబ్దం రాదు, చాలా తక్కువ వస్తుంది. చాలా సింథ్‌లు ఆ అంకెని వర్గం చేసినట్టు వాడతాయి. దానికి విరుగుడు మనం ముందే వర్గమూలం తీసి పంపడం. 300 పాస్కల్స్‌కి 64 కాకుండా 90 పంపుతాను. విలువ మారినప్పుడే పంపండి, లేకపోతే పాత ఫోన్లు ఊపిరాడక నత్తనడక నడుస్తాయి.

గాంధారం జారడం

జాయ్‌స్టిక్ పైకి తోస్తే కార్డుకి ఏడో స్వరం కలుస్తుంది, కిందికి లాగితే గాంధారం (ఏ కార్డులోనైనా మూల స్వరం నుంచి మూడోది) స్థానంలో మధ్యమం (నాలుగోది) నిలుస్తుంది. 60 శాతం దాటితే మారాలి, 40కి దిగితేనే వెనక్కి రావాలి. రెంటికీ ఒకే హద్దు పెడితే అంచు మీద గిలగిల కొట్టుకుంటుంది. ఇంతవరకూ అందరూ చేసేదే.

ఎడమ వైపు మాత్రం నేను ఇంకోటి చేశాను. హార్మోనియం మీద పాత ఫిర్యాదు ఒకటుంది: మెట్టు మెట్టుకీ మధ్య జారదు, గమకం పలకదు అని. ఆలిండియా రేడియో 1940లో దాన్ని ప్రసారాల్లోంచి తప్పించి 1971 దాకా రానివ్వకపోవడానికి ఈ వాదన కూడా ఒక కారణం. నాన్న ఈ మాటెత్తితే ఇప్పటికీ ముఖం ముడుచుకుంటాడు. సరే, మన పెట్టెకి రీడ్లు లేవు కదా, జారితే ఎవరు కాదంటారు? కార్డు మొత్తాన్ని కలిపి వంచితే గిటారు తీగ తెగినట్టు ఉంటుంది. స, ప కదలకుండా గాంధారం ఒక్కటే మెల్లగా దిగాలి. మేజర్ కళ్లెదుటే మైనర్ అయిపోవాలి.

మామూలు మిడిలో పిచ్ బెండ్, అంటే స్వరాన్ని వంచే ఆజ్ఞ, చానల్ మొత్తానికి వర్తిస్తుంది, ఒక్క స్వరాన్ని వంచలేం. 2018లో ఖాయమైన ఎంపీఈ (మిడి పాలిఫోనిక్ ఎక్స్‌ప్రెషన్) పద్ధతి దీనికి దారి చూపింది: ఒక్కో స్వరాన్ని ఒక్కో చానల్లో పంపు, దేన్ని కావాలంటే దాన్నే వంచు. ఒకటో చానల్ అందరికీ పెద్ద, గాలి విలువ దాంట్లో. స్వరాలు 2 నుంచి 5 దాకా. ఎంపీఈలో బెండ్ నిండా వంచితే 48 అర స్వరాలు. బెండ్ మధ్య విలువ 8192. దాన్ని 48తో భాగిస్తే అర స్వరానికి 171 దగ్గర. అంటే జాయ్‌స్టిక్ ఎడమకి పూర్తిగా లాగినప్పుడు గాంధారం ఉన్న చానల్లో 8192 లోంచి 171 తీసేసి పంపాలి, సగం లాగితే 85. మైనర్ కార్డుల్లో అదే లాగుడికి కలపాలి, అప్పుడది పైకి జారి మేజర్ అవుతుంది. వరస మారిన కార్డులో గాంధారం మధ్యలోనే ఉండకపోవచ్చు, ఏ చానల్లో ఉందో కోడ్ గుర్తుపెట్టుకోవాలి. స్వరం ఆపాక ఆ చానల్ బెండ్‌ని మళ్లీ 8192కి తేవడం మరిచిపోతే తరవాతి కార్డు అపశ్రుతిలో పుడుతుంది.

ఇక్కడ నాకు ఒక సాయంత్రం మొత్తం తిన్న చిక్కు: ఆ మిడి లైబ్రరీలో చానళ్లు సున్నా నుంచి లెక్క. మనం ఒకటో చానల్ అనేది దానికి సున్నా. నేను గాలిని 1 అని రాశాను, అది రెండో చానల్లోకి వెళ్లింది. కార్డులో ఒక్క స్వరమే గాలికి ఊగుతూ, మిగతావి మొండిగా నిలబడ్డాయి.

మోగించడం

ల్యాప్‌టాప్‌లో సర్జ్ ఎక్స్‌టీ అనే సింథ్ ఉచితంగా దొరుకుతుంది, ఎంపీఈ ఆన్ చేసే బొత్తాం అందులోనే ఉంది. 11వ కంట్రోలుని ఒక మాక్రోకి (చాలా సెట్టింగుల్ని ఒకేసారి తిప్పే నాబ్) మిడి లెర్న్‌తో జత చేసి, ఆ మాక్రోని వాల్యూమ్‌కీ ఫిల్టర్‌కీ ముడివేయండి. ఒక్క వాల్యూమే పెడితే రేడియో నాబ్ తిప్పినట్టు ఉంటుంది. ఫిల్టర్ కూడా తెరుచుకుంటే అప్పుడు తిత్తి బిగువు చెవికి అందుతుంది. ఫోనైతే ఓటీజీ తీగ కావాలి. కొన్ని ఫోన్లలో ఓటీజీని సెట్టింగుల్లో ఆన్ చేయాలి. బ్లూటూత్ స్పీకరు మాత్రం పెట్టకండి, నొక్కిన కాసేపటికి గానీ పలకదు. తీగ ఉన్న స్పీకరే నయం.

స్వరం ఎక్కడైనా ఇరుక్కుని ఆగకపోతే జాయ్‌స్టిక్‌ని రెండుసార్లు టకటకా నొక్కితే అన్ని చానళ్లకీ 123వ కంట్రోలు వెళ్లేలా రాశాను. అది అన్ని స్వరాలూ ఆపమన్న ఆజ్ఞ. శనివారం భజనలో రెండుసార్లు పనికొచ్చింది.

నాన్న ఇప్పుడు దీన్ని పొద్దున పూట వాయిస్తున్నాడు. పాత పెట్టె పక్కనే ఉంటుంది, మూత తెరిచి. పోయిన వారం, "దీనికి కప్లరేదిరా?" అన్నాడు. హార్మోనియంలో కప్లర్ లాగితే ఒక మెట్టుకి ఇంకో స్థాయిలోని మెట్టు కూడా దిగుతుంది. జీపీ14కి ఒక టాగుల్ స్విచ్ పెట్టాను. అది ఆన్‌లో ఉంటే కార్డు మూల స్వరం పన్నెండు అర స్వరాలు కిందిది, ఆరో చానల్లో, అదనంగా మోగుతుంది. దాన్ని మాత్రం వరసల లెక్కలోకి రానివ్వకండి, జాయ్‌స్టిక్‌తో వంచనూ వద్దు. చిన్న స్పీకర్లలో కింది షడ్జమం గరగరమంటుంది, అలాంటప్పుడు దాని వెలాసిటీని (ఎంత గట్టిగా నొక్కినట్టో చెప్పే అంకె) 100 నుంచి 70కి దించితే సర్దుకుంటుంది.